కతోలిక బాలికోన్నత పాఠశాల – దాని పుట్టుక, దాని పిలుపు: లొరెటో అనుభవం వెలుగులో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

మన తెలుగునాట ఏ పాత పట్టణానికి వెళ్లినా 'సిస్టర్ల బడి' ఎక్కడ అని అడిగితే దారి చెప్పనివారు ఉండరు. ఎత్తయిన ప్రహరీగోడ, గేటు దగ్గర కావలి మనిషి, లోపల మరియమాత గుహ, చెట్ల కింద యూనిఫారాలలో వందలాది ఆడపిల్లలు. కతోలికులు కాని కుటుంబాలు సైతం తమ కుమార్తెలను నమ్మకంగా పంపే చోటు అది. 'సిస్టర్ల దగ్గర చదివింది' అన్న మాట పెళ్లిచూపులలో కూడా ఒక అర్హతగా చెల్లుబాటు అవుతుందని మనకు తెలుసు.

అయితే ఆ గేటు ముందు నిలబడి లోపలికి చూసే మరొక ఆడపిల్ల కూడా ఉంది. ఆమె తల్లి ఆ బడికి ఎదురుగా ఉన్న ఇళ్లలో అంట్లు తోముతుంది. ఆమె తండ్రి మన దేవాలయంలోనే ప్రతి ఆదివారం దివ్యబలిపూజలో పాల్గొంటాడు. ఆ బడిలో ఆమెకు చోటు ఉన్నదా? లేకపోతే, ఆ బడిని 'కతోలిక' పాఠశాల అని ఏ అర్థంలో పిలుస్తున్నాం? ఈ ప్రశ్నను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు మేము ఒక సభ చరిత్రను, ఆ సభ నడిపిన రెండు బాలికోన్నత పాఠశాలలను ఉదాహరణగా తీసుకుంటున్నాం. ఆ సభ లొరెటో సభ. ఆ రెండు పాఠశాలలూ కలకత్తా నగరంలోనివే.

1. గోడ ఎలా పుట్టింది?

బాలికల కోసం కతోలిక పాఠశాలలు సులభంగా పుట్టలేదు. ట్రెంట్ మహాసభ 1563లో మఠకన్యల విషయమై ఆవరణ నియమాన్ని కట్టుదిట్టం చేసింది. అంటే వ్రతబద్ధురాలైన స్త్రీ మఠం గోడ దాటి బయటకు రాకూడదు, బయటివారు లోపలికి పోకూడదు. 1566లో పోపు 5వ పయస్ ఈ నియమాన్ని అన్ని మఠాలకూ వర్తింపజేశారు. మఠంలో ఉంచుకొన్న కొద్దిమంది ధనిక బాలికలకు తప్ప, బయట ఊరిలోని ఆడపిల్లలకు మఠకన్యలు చదువు చెప్పే మార్గం దాదాపుగా మూసుకుపోయింది.

ఆ కాలంలోనే ఇంగ్లాండులో, యార్కుషైరులో, 1585 జనవరి 23న మేరీ వార్డు జన్మించింది. అప్పట్లో అక్కడ కతోలికులు చట్టవిరుద్ధులు. పూజ రహస్యంగా జరగాలి. గురువును ఇంట్లో దాచితే మరణశిక్ష పడవచ్చు. ఆమె బంధువులలో అనేకులు విశ్వాసం కోసం చెరసాల అనుభవించినవారే. ఆ నిర్బంధంలో విశ్వాసాన్ని ఇళ్లలో నిలబెట్టింది ఎక్కువగా స్త్రీలేనని ఆమె కళ్లారా చూసింది. విశ్వాసానికి కాపలా కాయగలిగిన స్త్రీకి చదువు ఎందుకు ఉండకూడదు? ఆమె జీవితమంతా ఈ ప్రశ్నకు జవాబు వెదకడంలోనే గడిచిందని చెప్పవచ్చు.

ఆమె 1606లో సముద్రం దాటి, నేటి ఫ్రాన్సులోని సెంట్ ఓమేరు చేరి, మొదట క్లారా మఠంలో చేరింది. అది తన పిలుపు కాదని గ్రహించి, 1609లో కొందరు సహచరులతో అదే ఊరిలో ఒక గృహం స్థాపించి బాలికలకు బడి ప్రారంభించింది. 1611లో, యేసు సభ గురువుల జీవన విధానాన్నే స్త్రీలు కూడా అవలంబించాలన్న స్పష్టమైన ప్రేరణ తనకు కలిగిందని ఆమె నమ్మింది. ఆవరణ నియమం ఉండకూడదు. పీఠాధిపతుల క్రింద గాక ఒక స్త్రీ అధిపతిగా సభ నడవాలి. అవసరం ఉన్న చోటికల్లా సిస్టర్లు వెళ్లగలగాలి. ఆమె కోరిన ఈ మూడూ ఈనాడు మనకు మామూలుగా తోస్తాయి. ఆనాడు మాత్రం ఒక్కొక్కటీ నేరంగా కనిపించింది.

సభకు అనుమతి కోరుతూ ఆమె 1621లో ఆల్ప్సు పర్వతాలు దాటి కాలినడకన రోము చేరింది. రోములోనూ ఇతర నగరాలలోనూ బడులు తెరిచింది. కాని విమర్శలు పెరిగాయి. 1631లో పోపు 8వ అర్బన్ ఆ సభను రద్దు చేశారు. అదే సంవత్సరం మ్యూనిక్ నగరంలో ఆమెను మతద్రోహిగా ఎంచి ఒక మఠంలో బంధించారు. చెరలో నుండి ఆమె తన సిస్టర్లకు నిమ్మరసంతో, కంటికి కనబడని అక్షరాలతో ఉత్తరాలు రాసేది. కాగితాన్ని వేడి చేస్తే అక్షరాలు బయటపడేవి. తరువాత ఆమె విడుదలైంది. శ్రీసభను విడిచిపెట్టలేదు, దానిపై తిరుగుబాటు చేయలేదు, తన పిలుపు అబద్ధమని ఒప్పుకొననూ లేదు. 1645లో యార్కు సమీపంలో కన్నుమూసింది.

ఆమె స్థాపకురాలని శ్రీసభ అధికారికంగా అంగీకరించింది 1909లో, పోపు 10వ పయస్ కాలంలో. అంటే తొలి బడి తెరిచిన మూడు వందల సంవత్సరాలకు. 2009 డిసెంబరులో పోపు 16వ బెనెడిక్టు ఆమెను పూజ్యురాలిగా ప్రకటించారు. ఈ చరిత్రలో మన పాఠకులు గమనించవలసినది ఒకటుంది. కతోలిక బాలికల పాఠశాలలలో ఒక ముఖ్యమైన పాయ గోడకు వ్యతిరేకంగానే పుట్టింది. అటువంటి వారసత్వం గల బడి తన చుట్టూ తానే గోడ కట్టుకోవడం అంటే తన పుట్టుకను మరచిపోవడమే.

2. కలకత్తాకు చేరిన వారసత్వం

మేరీ వార్డు సిస్టర్లు 1686లో యార్కులో స్థాపించిన బార్ కాన్వెంటులో చదువుకొన్న ఐరిష్ బాలిక ఫ్రాన్సెస్ బాల్. ఆమె తెరేసా అన్న మఠనామంతో అదే వ్రతజీవితాన్ని స్వీకరించి, ఐర్లాండుకు తిరిగివచ్చి, డబ్లిన్ సమీపంలోని రాత్‌ఫార్నమ్‌లో లొరెటో శాఖకు పునాది వేసింది. ఆమె పంపిన చిన్న బృందం 1841 చివరిలో కలకత్తా చేరింది. 1842లో అక్కడ బాలికల బడి మొదలైంది. భారతదేశంలోని లొరెటో పాఠశాలలకు అదే ఆరంభం.

ఇదే కాలంలో తెలుగునాట కూడా ఇటువంటి విత్తనాలు పడ్డాయి. ఫ్రాన్సులోని ఆనెసీ నుండి సెయింట్ జోసఫ్ సభ సిస్టర్లు 1849లో వచ్చి విశాఖ ప్రాంతంలో బాలికల విద్యకు పూనుకొన్నారు. ఇటలీ నుండి సెయింట్ ఆన్స్ సిస్టర్లు 1871లో సికింద్రాబాదు చేరారు. హాలెండు నుండి జె.ఎం.జె. సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. ఆడపిల్లకు అక్షరం నేర్పితే కుటుంబానికి అరిష్టమన్న భావన ఇంకా బలంగా ఉన్న రోజులవి. భాష తెలియని దేశానికి, ఎండకూ జ్వరాలకూ ఓర్చుకొని వచ్చిన ఆ స్త్రీల త్యాగాన్ని మనం తక్కువగా ఎంచరాదు.

అయితే దాదాపు అన్ని చోట్లా ఒకే విధమైన ఏర్పాటు కనిపిస్తుంది. ఒకవైపు దొరల పిల్లలకూ సంపన్నులకూ ఇంగ్లీషు మీడియం కాన్వెంటు. మరొకవైపు పేద క్రైస్తవ బాలికలకు, అనాథలకు దేశభాషలో బడి, దానికి అనుబంధంగా బోర్డింగు. మొదటిదాని ఫీజుతో రెండవది నడిచేది. ఇది ఆనాటి పరిస్థితులలో అర్థం చేసుకోదగినదే. కాని ఒకే ప్రాంగణంలో, ఒకే సిలువ క్రింద, రెండు తరగతుల బాలికలు ఒకరినొకరు ఎరుగకుండా పెరిగారు.

3. ఎంటాలీ: గోడ దాటి వెళ్లిన ఉపాధ్యాయిని

కలకత్తాలోని ఎంటాలీ ప్రాంతంలో లొరెటో ప్రాంగణంలోనే సెయింట్ మేరీస్ అనే బెంగాలీ మీడియం బాలికోన్నత పాఠశాల ఉండేది. 1929లో కలకత్తా చేరిన ఒక యువ సిస్టరు అక్కడ భూగోళం, చరిత్ర బోధిస్తూ 1944లో ప్రధానోపాధ్యాయిని అయ్యారు. ఆమే మనం నేడు పునీత మదర్ తెరేసా అని పిలుచుకొనే వ్యక్తి.

ప్రాంగణం గోడకు అవతలే మోతీఝీల్ మురికివాడ. బడి కిటికీలలో నుండి అది కనిపించేది. ఆవరణ నియమం వల్ల సిస్టర్లు అక్కడికి వెళ్లడానికి వీలు లేదు. కాని బడిలోని మరియ సోదరి సంఘం సభ్యులైన బాలికలు వారానికొకసారి మురికివాడకూ ఆసుపత్రికీ వెళ్లివచ్చేవారు. అంటే టీచరు వెళ్లలేని చోటికి విద్యార్థినులు వెళ్లారు. తిరిగివచ్చి చూసినది చెప్పారు. మేరీ వార్డు వద్దని పోరాడిన గోడ, మూడు శతాబ్దాల తరువాత ఆమె కుమార్తెల చుట్టూనే నిలబడి ఉండటం చరిత్రలోని ఒక విషాదం.

1946 సెప్టెంబరు 10న డార్జిలింగు వెళ్లే రైలులో ఆమెకు కలిగిన పిలుపు, 1948లో రోము నుండి వచ్చిన అనుమతి, ఆ ఆగస్టులో ఆమె లొరెటో గేటు దాటి బయటకు నడవడం అందరికీ తెలిసినవే. ఆమె మొదట చేసిన పని మాత్రం తరచుగా మరుగున పడుతుంది. మోతీఝీల్‌లో చెట్టు నీడన, నేలమీద పుల్లతో అక్షరాలు గీసి పిల్లలకు బడి పెట్టింది. ఆమె ముందుగా టీచరు. 1949 మార్చి 19న ఆమెతో కలిసిన మొదటి సహచరి సుభాషిణీ దాస్ ఆమె పూర్వ విద్యార్థినే. తరువాత చేరినవారిలోనూ పలువురు సెయింట్ మేరీస్ బాలికలే. ఒక బాలికోన్నత పాఠశాల చేయగలిగిన అతి గొప్ప పని ఏమిటో దీనిని బట్టి తెలుస్తుంది. తాను దాటలేకపోయిన గోడను దాటగలిగిన బాలికలను అది తయారుచేసింది.

4. సియాల్దా: గోడకు తెరచిన తలుపు

ఎంటాలీకి ఎంతో దూరం కాని సియాల్దా రైల్వే స్టేషను ప్రాంతంలో మరొక లొరెటో బాలికల పాఠశాల ఉంది. 1979లో ఐర్లాండుకు చెందిన సిస్టరు సిరిల్ మూనీ అక్కడ ప్రధానోపాధ్యాయిని అయ్యారు. అప్పుడు బడిలో సుమారు 790 మంది బాలికలుంటే, వారిలో ఫీజు కట్టలేని పేద బాలికలు సుమారు 90 మంది మాత్రమే. ఇరవై సంవత్సరాలలోపే మొత్తం సంఖ్య సుమారు 1400కు పెరిగింది. వారిలో దాదాపు సగం మంది పేద కుటుంబాల బాలికలు. వారికి వేరే సెక్షను పెట్టలేదు. డాక్టరు కుమార్తె, రిక్షా లాగే వ్యక్తి కుమార్తె ఒకే తరగతిలో, ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఫీజు కట్టగలిగినవారి సొమ్ము, దాతల సహాయం, ప్రభుత్వ గ్రాంటు కలిపి కట్టలేనివారి ఖర్చు భరించారు.

1985లో ఆమె మరొక అడుగు వేశారు. స్టేషను ప్లాట్‌ఫారాల మీద, ఫుట్‌పాత్‌ల మీద బ్రతికే పిల్లలు బడి వేళలకు రాలేరు, వయసుకు తగిన తరగతిలో కూర్చోలేరు. వారికోసం 'రెయిన్‌బో' అన్న పేరుతో బడి ప్రాంగణంలోనే ఒక ఏర్పాటు చేశారు. తమకు వీలైన వేళ వారు లోపలికి రావచ్చు. వచ్చిన ప్రతి పిల్లకూ రెగ్యులర్ తరగతులలోని ఒక బాలిక ఎదురుగా కూర్చొని చదువు చెబుతుంది. ఒకరికి ఒకరు. పశ్చిమ బెంగాల్ పాఠ్యప్రణాళికలో 'పని విద్య' అనే పీరియడు తప్పనిసరి. చాలా బడులలో అది కుట్లు, అల్లికలతో గడిచిపోతుంది. సిస్టరు సిరిల్ ఆ పీరియడునే బోధనకు కేటాయించారు. అంటే ఇందుకోసం కొత్తగా టీచర్లను నియమించలేదు, పిల్లల చదువు సమయాన్ని కోయలేదు. టైంటేబులులో ఉన్న గంటకే కొత్త అర్థం ఇచ్చారు. ఆ వీధిపిల్లలు సిద్ధమైన తరువాత దగ్గరలోని బెంగాలీ మీడియం బడులలో వయసుకు తగిన తరగతులలో చేరేవారు. రాత్రివేళ వీధిలో ఉండటం ప్రమాదమైన బాలికలకు బడిలోనే ఆశ్రయం కూడా ఏర్పడింది.

దీనితో పాటు వారానికొకసారి పై తరగతుల బాలికలు బస్సులలో నగరం వెలుపలి గ్రామాలకు వెళ్లి అక్కడి బడిపిల్లలకు బోధించేవారు. ఇటుక బట్టీలలో పనిచేసే కుటుంబాల పిల్లలకు కూడా బడులు తెరిచారు. ఈ కృషికి యునెస్కో 1994లో నోమా అక్షరాస్యతా బహుమతి ఇచ్చింది. 2007లో భారత ప్రభుత్వం సిస్టరు సిరిల్‌ను పద్మశ్రీతో గౌరవించింది. ఆమె 2011 వరకు ఆ పాఠశాలను నడిపి, 2023 జూన్‌లో కన్నుమూశారు. వీధిబాలికల కోసం ఉన్న భవనాలలోనే చోటు చూపాలన్న ఈ ఆలోచన మన హైదరాబాదుకు కూడా వచ్చింది. ప్రభుత్వ పాఠశాలల్లో వాడకుండా ఉన్న గదులలో రెయిన్‌బో హోములు వెలిశాయి.

న్యాయంగా చూస్తే ఈ నమూనాలోనూ ప్రశ్నలున్నాయి. ఒక వ్యక్తి పట్టుదల మీద ఇంతగా ఆధారపడినది ఆ వ్యక్తి తరువాత ఎలా నిలుస్తుంది? రెయిన్‌బో పిల్లలు చివరకు చేరేది అదే బడిలోని తరగతులలోనా, లేక పక్కనున్న మరో బడిలోనా? ఈ ప్రశ్నలను దాచనవసరం లేదు. కాని ఒక విషయం మాత్రం స్థిరపడింది. పేద పిల్లలు లోపలికి వస్తే ఫీజు కట్టేవారు వెళ్లిపోతారన్న భయం సియాల్దాలో నిజం కాలేదు. విద్యార్థినుల సంఖ్య తగ్గలేదు, పెరిగింది.

5. పన్నెండేళ్ల బాలిక: ఒక సువార్త పఠనం

ఈ అనుభవాన్ని దైవశాస్త్ర దృష్టితో చూడటానికి మార్కు 5:21-43 మనకు సహాయపడుతుంది. ఇందులో రెండు కథలు ఒకదానిలో ఒకటి ఒదిగి ఉన్నాయి. ప్రార్థనామందిర అధికారి యాయీరు కుమార్తె మరణశయ్యపై ఉంది. దారిలో పన్నెండేళ్లుగా రక్తస్రావంతో బాధపడుతున్న స్త్రీ ప్రభువును తాకుతుంది. కథ ముగింపులో మాత్రమే సువార్తికుడు చెబుతాడు – ఆ బాలిక వయసు కూడా పన్నెండేళ్లే.

ఈ పన్నెండు అన్న అంకెకు వ్యాఖ్యాతలు పలు వివరణలు ఇచ్చారు. మేము మన సందర్భంలో దానిని మరొక కోణంలో చూడగోరుతున్నాం. మన పల్లెలలో పన్నెండేళ్లంటే ఆడపిల్ల ఆరు, ఏడు తరగతులలో ఉండే వయసు. పెద్దమనిషి అయ్యే వయసు. అంతవరకు ఊరిలోని ప్రాథమిక పాఠశాలకు పోయిన పిల్ల ఇప్పుడు పొరుగూరి హైస్కూలుకు నడిచి వెళ్లాలి. బడిలో నీళ్లున్న మరుగుదొడ్డి లేకపోతే నెలకు నాలుగు రోజులు మానేస్తుంది. తరువాత పూర్తిగా మానేస్తుంది. ఆపైన పత్తి చేలో కూలి, ఆ తరువాత పెళ్లి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశం మొత్తం మీద ఇది 23.3 శాతం. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం అమలులోకి వచ్చిన తరువాతి లెక్కలివి.

లేవీయకాండం 15వ అధ్యాయం ప్రకారం రక్తస్రావం గల స్త్రీ అపవిత్రురాలు, ఆమెను తాకినవారూ అపవిత్రులే. మృతదేహాన్ని తాకడం కూడా అంతే. ప్రభువు ఈ రెండు హద్దులనూ ఒకే ప్రయాణంలో దాటాడు. పాపను చేయి పట్టి లేపాడు. లేచి నడిచిన తరువాత ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమని చెప్పాడు. ఈ చివరి మాట చిన్నదిగా కనిపించవచ్చు. కాని ఆడపిల్లల విద్యకు అవసరమైన మూడూ ఈ కథలోనే ఉన్నాయి. ఆమె శరీరాన్ని సిగ్గుపడవలసినదిగా చూడకపోవడం, ఆమెను పేరుపెట్టి పిలిచినంత దగ్గరగా పిలిచి లేపడం, ఆమె ఆకలి తీర్చడం. మధ్యాహ్న భోజన పథకం ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు వర్తిస్తుంది. ఫీజుతో నడిచే కాన్వెంటులో పేద బాలికకు ఉచితంగా సీటు ఇచ్చి, టిఫిన్ డబ్బా లేకుండా కూర్చోబెడితే మనం ఆ చివరి ఆజ్ఞను మరచినట్లే.

6. శ్రీసభ బోధన ఏమి చెబుతోంది?

బాలికలకు వేరుగా బడి ఎందుకు అన్న ప్రశ్నకు శ్రీసభ ఇచ్చిన సమాధానం కాలంతో పాటు మారింది. 1929లో పోపు 11వ పయస్ క్రైస్తవ విద్యపై వెలువరించిన లేఖలో బాలబాలికల సహవిద్యను గట్టిగా వ్యతిరేకించారు. రక్షణ, శీలం ఆనాటి ప్రధాన ఆలోచనలు. 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన క్రైస్తవ విద్యా ప్రకటనలో ఆ స్వరం వినబడదు. అందులోని 9వ అంశం లోకసంపద లేనివారిపట్ల, కుటుంబ ఆదరణ లేనివారిపట్ల, విశ్వాసానికి దూరంగా ఉన్నవారిపట్ల కతోలిక పాఠశాలలు ప్రత్యేక శ్రద్ధ చూపాలని కోరుతుంది. 1977లో రోములోని విద్యా పరిషత్తు వెలువరించిన 'కతోలిక పాఠశాల' అన్న పత్రం 58వ అంశంలో ఇంకా సూటిగా హెచ్చరించింది. కతోలిక పాఠశాల సంపన్నవర్గాల వైపే మొగ్గితే, వారి ప్రత్యేక స్థానాన్ని కాపాడుతూ అన్యాయమైన సమాజానికే తోడ్పడుతుందని దాని సారాంశం. భారత పీఠాధిపతుల సమాఖ్య 2007లో విద్యావిధానాన్ని, 2010లో స్త్రీపురుష సమానతా విధానాన్ని ప్రకటించింది.

కనుక బాలికల బడి గొప్పదనం మార్కులలో ఉందని మనం వాదించనవసరం లేదు. 21 దేశాలలోని 184 అధ్యయనాలను కలిపి 2014లో వెలువడిన ఒక పరిశోధన, బాలికలను వేరుగా చదివించినందువల్ల ఫలితాలలో చెప్పుకోదగ్గ మేలు లేదని తేల్చింది. బాలికోన్నత పాఠశాలకు మన నేలలో ఉన్న సమర్థన వేరు. సహవిద్య బడికి పంపని తండ్రి సిస్టర్ల బడికి పంపుతాడు. అంటే ఆ బడి లేకపోతే ఆ పిల్లకు చదువే లేదు. ఈ సమర్థన ధనిక కుటుంబపు బాలిక విషయంలో అంతగా వర్తించదు, ఆమెకు వేరే దారులున్నాయి. పేద బాలిక విషయంలోనే అది పూర్తిగా వర్తిస్తుంది. అటువంటప్పుడు ఆ బాలికే లోపల లేకపోతే, ఆ బడి ఉనికికి కారణమే బలహీనపడుతుంది.

7. చట్టం ఇచ్చిన మినహాయింపు, అంతరాత్మ ఇవ్వని మినహాయింపు

రాజ్యాంగం 30(1) అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనే హక్కు ఇచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. ప్రైవేటు పాఠశాలలు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లను బలహీనవర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలని అది శాసించింది. 2012లో సుప్రీంకోర్టు ఎయిడ్ లేని మైనారిటీ పాఠశాలలను, 2014లో ఎయిడెడ్ మైనారిటీ పాఠశాలలను కూడా ఈ చట్టం పరిధి నుండి తప్పించింది. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ 2014 తీర్పు సరైనదేనా అన్న సందేహం వ్యక్తంచేసి, విస్తృత ధర్మాసనం పరిశీలనకై ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది.

మైనారిటీ హక్కును కాపాడుకోవడం అవసరమే. ప్రభుత్వ జోక్యం వల్ల సంస్థ స్వభావమే మారే ప్రమాదం నిజమైనదే. అయితే హక్కును అడిగేటప్పుడు మనం 'మైనారిటీ' అంటాం, సీట్లు ఇచ్చేటప్పుడు ఆ మైనారిటీలోని అతి పేద బాలిక గుర్తుకు వస్తోందా? మన క్రైస్తవ సమాజంలో అధికసంఖ్యాకులు దళితులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవ బాలికకు షెడ్యూల్డు కుల హోదా లేదు, మన రాష్ట్రాలలో ఆమె బి.సి.-సి వర్గంలో ఉంది. ప్రభుత్వం ఆమెకు తలుపు సగమే తెరిచింది. శ్రీసభ కూడా మిగిలిన సగం మూస్తే ఆమె ఎక్కడికి పోవాలి?

ఒకప్పుడు ఎయిడెడ్ తెలుగు మీడియం బాలికోన్నత పాఠశాల, దానికి అనుబంధమైన బోర్డింగు ఆమెకు ఆధారం. మన విచారణలలోని నర్సులు, ఉపాధ్యాయినులు, కన్యస్త్రీలు ఎందరో ఆ బోర్డింగులలో పెరిగినవారే. ఎయిడెడ్ పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి నిలిచిపోవడంతో ఆ బడులు క్షీణించాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వ సంస్థలలోకి తీసుకొనే ప్రక్రియ చేపట్టడంతో పరిస్థితి మరింత చిక్కుపడింది. బోర్డింగు మూతపడిన చోట ఇంగ్లీషు మీడియం కొత్త బ్లాకు లేస్తున్నది. దీనిని అభివృద్ధి అని మాత్రమే పిలిస్తే సరిపోదు.

8. మన ముందున్న కార్యం

పై పరిశీలన నుండి కొన్ని ఆచరణీయమైన సూచనలు చేయగోరుతున్నాం.

మొదటిది, ప్రతి కతోలిక బాలికోన్నత పాఠశాల తన సీట్లలో పేద బాలికల వంతు ఎంతో ముందుగా నిర్ణయించి, ఏటా విచారణలో బహిరంగంగా ప్రకటించాలి. 'అడిగినవారికి కన్సెషన్ ఇస్తున్నాం' అన్నది దయ. ముందే రాసిపెట్టిన వంతు న్యాయం. దయను అడగడానికి తెలివైన తల్లి కావాలి, పలుకుబడి గల సిఫారసు కావాలి. న్యాయానికి అవి అవసరం లేదు.

రెండవది, ఉచిత సీటు పొందిన బాలికను వేరే సెక్షనులో, వేరే మీడియంలో ఉంచరాదు. తెలుగు బడి నుండి ఆరవ తరగతికి వచ్చిన బాలికకు ఇంగ్లీషు ఒక కొండలా తోస్తుంది. మొదటి సంవత్సరం పాఠాన్ని తెలుగులో వివరించి, క్రమంగా ఇంగ్లీషులోకి నడిపించే టీచరు ఆమెకు కావాలి. తెలుగులో మాట్లాడితే జరిమానా వేసే పద్ధతి ఎక్కడైనా మిగిలి ఉంటే దానిని వెంటనే మానాలి.

మూడవది, టైంటేబులులో ఇప్పటికే ఉన్న పని అనుభవం, నైతిక విద్య పీరియడులను బోధనకు వాడుకోవచ్చు. తొమ్మిదో తరగతి బాలిక ఎదురుగా బడి మానిన పిల్ల కూర్చొని గుణింతం దిద్దే ఆ గంటలో ఇద్దరూ నేర్చుకొంటారు. పేదరికం అన్నది పాఠ్యపుస్తకంలోని పదం కాదని, దానికి ఒక పేరు, ఒక ముఖం ఉన్నాయని మొదటి బాలిక గ్రహిస్తుంది.

నాల్గవది, నీళ్లున్న మరుగుదొడ్లు, నెలసరి అవసరాలు, మధ్యాహ్న భోజనం, 2012 పోక్సో చట్టం ప్రకారం బాలికల రక్షణ ఏర్పాట్లు – వీటిని ఆఫీసు పనులుగా గాక సువార్త సేవగా ఎంచాలి.

చివరిది, ఈ పత్రిక పాఠకులలో అధికులైన గురువిద్యార్థులకు సంబంధించినది. మన మేత్రాసనాలలో విచారణ గురువు తరచుగా బడికి కరస్పాండెంటు కూడా. అభిషేకం పొందిన కొద్దికాలానికే ఫీజులు, నియామకాలు, భవనాలు అతని చేతిలోకి వస్తాయి. దైవశాస్త్రంలో మనం త్రిత్వాన్నీ సంస్కారాలనూ లోతుగా చదువుతున్నాం. కాని అడ్మిషన్ల నెలలో గది బయట నిలబడ్డ తల్లికి ఏమి చెప్పాలో మనకు ఎవరూ నేర్పడం లేదు. పాఠశాల నిర్వహణను, సిస్టర్లతో సమాన భాగస్వాములుగా పనిచేయడాన్ని కాపరిసేవా పాఠ్యక్రమంలో చేర్చాలని మేము కోరుతున్నాం. మేరీ వార్డు స్త్రీల నాయకత్వం కోసం చెరకు పోయింది. ఆమె చరిత్ర చదివిన గురువు, సిస్టర్ల నిర్ణయాలను ఒక సంతకంతో కొట్టివేసే ముందు ఒకసారి ఆలోచిస్తాడని మా ఆశ.

ముగింపు

మరియమ్మ తన స్తుతిగీతంలో (లూకా 1:46-55) ఆకలిగొన్నవారిని తృప్తిపరచే దేవుని గూర్చి పాడింది. ఆ గీతం పాడేనాటికి ఆమె కూడా మన హైస్కూలు బాలికల వయసుకు ఎంతో దూరం కానిదే. ప్రతి సిస్టర్ల బడి ప్రాంగణంలోనూ ఆమె స్వరూపం ఉంది, ఆ పాట బాలికల నోట వినబడుతూనే ఉంది.

మేరీ వార్డు గోడ లేని సభను కోరింది. మదర్ తెరేసా గోడ దాటి వెళ్లింది. సిస్టరు సిరిల్ గోడకు తలుపు తీసింది. ముగ్గురూ ఒకే కుటుంబపు కుమార్తెలు, ముగ్గురూ ముందుగా ఆడపిల్లలకు పాఠం చెప్పిన టీచర్లు. మన తెలుగునాట బాలికోన్నత పాఠశాలలకు భవనాలు ఉన్నాయి, పేరు ఉంది, తల్లిదండ్రుల నమ్మకం ఉంది. వచ్చే జూన్‌లో బడులు తెరిచినప్పుడు, గేటు ముందు నిలబడిన ఆ పన్నెండేళ్ల బాలికను చేయి పట్టి లోపలికి తీసుకువెళ్లడమే మిగిలి ఉంది. తరువాత ఆమె తిన్నదో లేదో కనుక్కోవడం కూడా మరువరాదు.